నేరేడు పై పెదవి

ఒకప్పుడు చింపాంజీలు కూడా మనలాగే నవ్వేవి. పెదవులు రెండూ చెవుల దాకా సాగదీసి, పై పళ్ళూ కింది పళ్ళూ అన్నీ బయటపెట్టి, కొమ్మ మీంచి జారిపడేలా నవ్వేవి. ఆ పళ్ళు ఎంత తెల్లగా ఉండేవనుకున్నారు! పొద్దున్నే పళ్ళు తోముకోమంటే నీళ్ళు పుక్కిలించి పారిపోయే కొందరి పళ్ళలా కాదు. ఆ కొందరు ఎవరో నేను చెప్పను. వాళ్ళకే తెలుసు.

ఆ నవ్వు ఎలా పోయిందో చెబుతాను. చెబుతుంటే నాకు ఒళ్ళు మండుతుంది. మధ్యలో నాలుగు తిట్లు తిట్టినా అడ్డు రాకండి.

సముద్రం ఒడ్డున, సరుగుడు తోపు దాటాక, ఊరట తోట అని ఒక పెద్ద తోట ఉండేది. ఎవరెవరో గొలుసులు వేసి కట్టేసిన చింపాంజీలనీ, బోనుల్లో మగ్గిపోయిన చింపాంజీలనీ విడిపించి తెచ్చి అక్కడ ఉంచేవాళ్ళు. వాటిని చూసుకునేది సింహాద్రమ్మ. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆవిడ "గంజీ!" అని కేకేస్తే సముద్రంలో పడవల వాళ్ళు కూడా గిన్నెలు వెతుక్కునేవాళ్ళు.

పొద్దున గంజి అయ్యాక గడ్డి పరుపులు దులపాలి. తడిసిన గడ్డి తీసి కొత్త గడ్డి వేయాలి. ఆ తర్వాత చిల్లులున్న మొద్దులో తేనె పోసి ఉంచేది సింహాద్రమ్మ. చింపాంజీలు సన్నటి పుల్లలు దూర్చి, తీసి, నాకి, మళ్ళీ దూర్చి ఎండెక్కేదాకా ఆ పనిలోనే ఉండేవి. "తేనె చేతిలో పోస్తే చిటికెలో తాగేస్తాయి. తర్వాత తోచక వాటి జుట్టు అవే పీక్కుంటాయి" అనేది.

దగ్గొచ్చిన వాళ్ళకి చేదు మందు అరటిపండులో దాచి పెట్టేది. బెల్లం అనే ముసలి చింపాంజీ పండంతా తినేసి, మందు ముద్దని మాత్రం రెండు వేళ్ళతో తీసి ఆవిడ కొంగుకి శ్రద్ధగా రాసేవాడు.

"ఓరి బెల్లం! దగ్గు నీకు, మందు నా కోకకా?"

"నిన్న నువ్వు కూడా తుమ్మావు కదప్పా" అని సొంత అక్కని అడిగినట్టు అడిగేవాడు బెల్లం.

ఆ తోటలో ఒక కట్టుబాటు ఉండేది. కొత్తగా వచ్చిన చింపాంజీ దగ్గరికి ఎవరూ వెళ్ళకూడదు, చెయ్యి చాచకూడదు. సింహాద్రమ్మ దానికి కాస్త ఎడంగా, వీపు తిప్పి కూర్చుని, ముడి విప్పి జుట్టు వదిలేసేది. "పేలు చూస్తావా, చూడు. వద్దా, మానెయ్" అని ఊరుకునేది. చింపాంజీలకి ఒకరి జుట్టు ఒకరు వెతికిపెట్టడమే పలకరింపు, అదే చుట్టరికం. అది తనంతట తాను వచ్చి చూసేదాకా ఆవిడ అలాగే కూర్చునేది.

ఒకసారి ఆ తోటకి నేరేడు వచ్చింది. నేరేడుపండులా నిగనిగలాడే చిన్న ఆడ చింపాంజీ. అంతకుముందు అది తిరణాల గవర్రాజు దగ్గర ఉండేది.

ఇక్కడే నాకు మండేది. గవర్రాజు దానికి ఎర్ర చొక్కా తొడిగి, నెత్తిన టోపీ పెట్టి, తిరణాలలో నిలబెట్టేవాడు. "నవ్వవే!" అంటూ బెత్తం ఎత్తేవాడు. అది దెబ్బకి జడిసి పళ్ళన్నీ బయటపెట్టేది. జనం "అబ్బ, ఎంత ముద్దుగా నవ్వుతోందో!" అని చప్పట్లు కొట్టేవాళ్ళు. మీకు లెక్కల మాస్టారు బెత్తం చూపించి నవ్వమంటే ఎలా నవ్వుతారో ఒకసారి నవ్వి చూపించండి. చాల్లెండి, మూసేయండి. అదీ ఆ నవ్వు.

తిరణాల అయిపోయాక దాన్ని ఎండలో గుంజకి కట్టేసి, ముంతెడు నీళ్ళయినా పెట్టకుండా వెళ్ళిపోయాడు ఆ మహానుభావుడు. సింహాద్రమ్మే గొలుసు కోయించి, భుజాన వేసుకుని తెచ్చింది.

నేరేడు ఒక మూల గోనెపట్టా కప్పుకుని కూర్చుంది. సింహాద్రమ్మ వీపు తిప్పి జుట్టు వదిలింది. ఆ రోజు రాలేదు. మర్నాడూ రాలేదు. వాన పడినా ఆవిడ లేవలేదు. చివరికి ఒక పొద్దున ఆవిడ మెడ మీద వేలు ఒకటి మెల్లగా తగిలింది.

"ఏమన్నా దొరికాయా తల్లీ?"

"ఇసుక" అంది నేరేడు. తోటలో అది ఆడిన మొదటి మాట అదే.

ఆ తర్వాత గంజి తాగింది, చెట్లెక్కింది, బెల్లం చేతిలో తేనె పుల్ల లాక్కుని పారిపోయింది. నవ్వు మాత్రం నవ్వేది కాదు. చక్కిలిగింత పెడితే నోరు గట్టిగా మూసేసుకునేది. నవ్వబోతే పళ్ళు బయటికొస్తాయి. పళ్ళు బయటికొస్తే బెత్తం గుర్తొస్తుంది.

"లోపలే దాచుకోకు, కడుపు ఉబ్బుతుంది" అని బెల్లం బెదిరించేవాడు. అయినా లాభం లేకపోయింది.

ఇంతలో మళ్ళీ తిరణాల దగ్గర పడింది. గవర్రాజు మునసబు భూలోకయ్య గారిని వెంటబెట్టుకుని తోటకి వచ్చాడు. ఆ ఊళ్ళో తగువులు తీర్చేది ఆయనే. ఆయన మాటంటే మాటే.

"నా చింపాంజీని ఈవిడ ఎత్తుకొచ్చేసింది దొరా! అది నామీద బెంగ పెట్టుకుని ఉంటుంది" అన్నాడు గవర్రాజు. చంకలో బెత్తం ఉంది. దాన్ని చూడగానే నేరేడు పళ్ళన్నీ బయటపడ్డాయి.

"చూశారా! నన్ను చూసి ఎలా నవ్వుతోందో!"

"నిజమే" అన్నాడు మునసబు. "ఏమ్మా సింహాద్రమ్మా, అంత ఇష్టంగా నవ్వుతుంటే నువ్వెందుకు అడ్డం? పంపించెయ్."

"అది నవ్వు కాదు బాబూ, భయం! ఒసే నేరేడూ, నువ్వే చెప్పవే!"

నేరేడు ఏం చెబుతుంది? భయంతో ఊపిరే ఆడనప్పుడు మాట ఎక్కణ్ణించి వస్తుంది?

సరుగుడు చెట్లలోంచి గాలి దిగి వచ్చింది. "నేను చెబుతాను. ఎవరు నవ్వినా నాకు పని పడుతుంది. ఊపిరి లోపలికీ బయటికీ నేనే తిరగాలి. ఇప్పుడు దీని ముక్కు దగ్గర నాకు పనే లేదు. ఊపిరి బిగబట్టేసింది. అది నవ్వెలా అవుతుంది?"

"గాలి మాటలు నేను నమ్మను" అన్నాడు మునసబు. "మాటలు నేర్పితే వస్తాయి. నవ్వు నేర్పితే రాదు. పళ్ళు నా కళ్ళకి కనిపిస్తున్నాయి."

విన్నారా? నేర్పితే రాదట! నేర్పిన బెత్తం పక్కనే నిలబడి మరీ అన్నాడు.

సింహాద్రమ్మ కోపం మింగుకుంది. "సరే బాబూ. ఇక్కడి పద్ధతి ఒకటుంది. నేనూ గవర్రాజూ వీపు తిప్పి కూర్చుంటాం. అది ఎవరి తల చూస్తుందో మీరే చూడండి."

"చింపాంజీకి వీపు చూపించాలా? మెడ పట్టుకుంటే?" అన్నాడు గవర్రాజు.

"నీమీద బెంగ పెట్టుకున్న పిల్ల మెడెందుకు పట్టుకుంటుంది నాయనా?"

"కూర్చోరా" అన్నాడు మునసబు.

గవర్రాజు కూర్చుని తలపాగా తీశాడు. లోపల ఒక్క వెంట్రుక లేదు.

"పాపం, పేలు కూడా విడిచిపెట్టి వెళ్ళిపోయాయి" అన్నాడు బెల్లం.

నేరేడు తోట గోడ వారగా, గవర్రాజుకి దూరంగా చుట్టు తిరిగి, సింహాద్రమ్మ వెనక్కి వచ్చి కూర్చుంది. జుట్టు పాయలు తీసి చూడసాగింది. మెల్లగా దాని ఊపిరి వదులైంది.

"తల చూసింది సరే, నవ్వలేదుగా" అని గొణిగాడు మునసబు. అంత తొందరగా ఒప్పుకుంటే ఆయన మునసబు ఎలా అవుతాడు?

సింహాద్రమ్మ వెనక్కి తిరగకుండానే చెయ్యి పోనిచ్చి దాని చంకలో గిలిగింత పెట్టింది. ఎన్నాళ్ళనుంచో దాగిన నవ్వు పొట్టలోంచి పైకి ఎగదన్నింది. నోరు తెరుచుకుంది. పై పెదవి అదిరింది.

గవర్రాజు ఎగిరి గంతేశాడు. "అదిగో! అది నేను నేర్పిన నవ్వే! ఆ నవ్వు నాదే!"

నేరేడుకి ఎక్కడలేని కోపం వచ్చింది. గొలుసు నీది, చొక్కా నీది, టోపీ నీది. నవ్వు కూడా నీదేనా? పో! అది పై పెదవిని బలంగా కిందికి లాగి పై పళ్ళ మీద కప్పేసింది. ఇంటి తలుపు మూసినట్టు మూసేసింది.

కానీ నవ్వు ఆగితేగా! తెరిచిన నోట్లోంచి, కింది పళ్ళ మీదుగా, ఉత్త ఊపిరై బయటికి దూకింది. "హఫ్! హఫ్! హఫ్!"

"నాకు పని తగిలింది!" అని అరిచింది గాలి. నేరేడు నోట్లోకీ బయటికీ పరుగులు తీసింది. ఆ విసురుకి మునసబు కండువా ఎగిరి ఆయన మొహానికే చుట్టుకుంది.

గవర్రాజు బెత్తం ఎత్తాడు. "ఒసేయ్! నేర్పినట్టు నవ్వవే!"

అంతే. హఫ్ హఫ్ ఆగిపోయింది. పళ్ళన్నీ బయటికొచ్చాయి. గాలి నిలిచిపోయింది. సరుగుడాకు కూడా కదల్లేదు.

మునసబు కండువా తప్పించి చూశాడు. ఇప్పుడే చూసిన మొహమూ, ఈ మొహమూ. రెండూ ఒకటి కావు.

"పోయినసారి తిరణాలలో ముందు వరసలో కూర్చుని నేను కూడా చప్పట్లు కొట్టాను" అన్నాడు, ఎవరి మొహమూ చూడకుండా. తర్వాత చెయ్యి చాచాడు. "గవర్రాజూ, ఆ బెత్తం ఇలా ఇచ్చి ఊరు దాటు. మళ్ళీ ఈ తోట వైపు కనిపించకు."

ఆయన ఆ బెత్తం తెచ్చి బెల్లం ముందు పెట్టాడు. బెల్లం దాన్ని తేనె మొద్దులో దూర్చబోయాడు. "లావు. దేనికీ పనికిరాదు" అని విరిచి పారేశాడు.

ఆ సాయంత్రం నేరేడు తోటలో అందరినీ పోగేసింది. "పళ్ళ నవ్వుని వాళ్ళు పాడు చేసేశారు. ఇక అది మనకొద్దు. భయమేస్తే పళ్ళు చూపిద్దాం, సంతోషమొస్తే పెదవి కప్పి నవ్వుదాం. ఈ నవ్వుకి మాత్రం ఎవడి బెత్తమూ అందదు" అంది.

అందరూ నేర్చుకున్నారు. ముసలి బెల్లానికి పెదవి నిలవక రెండు మూడుసార్లు చొంగ కారింది గానీ, వాడూ నేర్చాడు. గాలి ఆ "హఫ్ హఫ్"ని మోసుకుని సముద్రం దాటి, చింపాంజీల పెద్ద అడవుల్లో కొమ్మ కొమ్మకీ చెప్పి వచ్చింది.

కాబట్టి ఎక్కడైనా చొక్కా తొడిగిన చింపాంజీ బొమ్మ పళ్ళన్నీ బయటపెట్టి కనిపిస్తే మీరు ఇకిలించకండి. ఆ బొమ్మలో కనిపించని బెత్తం ఎక్కడుందో అడగండి. గట్టిగా అడగండి.

అప్పటినుంచే చింపాంజీ భయపడితే పళ్ళన్నీ బయటపెడుతుంది. నిజంగా నవ్వొచ్చినప్పుడు మాత్రం, పై పళ్ళని పెదవి చాటున దాచుకుని, ఒట్టి ఊపిరితో నవ్వుతుంది.