కౌసల్య చేతిలో తాళాల గుత్తి

అడిగిన ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పడం జక్రయ్య సార్‌కు అలవాటు లేదు. చాలా ఏళ్ళు అంబులెన్సులో తిరిగి తిరిగి మోకాళ్ళు అరిగాక, ఆ మండల కేంద్రంలోని ఉన్నత పాఠశాలలో పిల్లలకు అత్యవసర చికిత్స నేర్పడానికి వచ్చిన మనిషి ఆయన. ఎవరేమడిగినా కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుని, "చూద్దాం" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా నవనీతకు ఒళ్ళు మండేది.

నవనీత పదో తరగతి. ఆ శిక్షణలో ఆమెను మించినవాళ్ళు లేరు. విరిగిన చేతికి అట్టముక్కతో దన్ను కట్టడమైనా, రబ్బరు బొమ్మ ఛాతీ మీద లయ తప్పకుండా నొక్కడమైనా సార్ మొదట ఆమె చేతనే చేయించి మిగతావాళ్ళకు చూపించేవాడు. బళ్ళో అంత పేరున్న పిల్ల మాట ఇంట్లో చెల్లేది కాదు. ఓ సాయంత్రం పొయ్యి దగ్గర అక్క చేతి మీద కాగిన నూనె చిందింది. నాయనమ్మ టూత్‌పేస్టు పట్టుకుని పరుగున వచ్చింది. నవనీత ఆ ట్యూబు లాక్కుని కిటికీలోంచి అవతలికి విసిరేసింది. నాయనమ్మ ఊరుకుంటుందా? పసుపు డబ్బా తెచ్చి గుప్పెడు మెత్తింది. చెయ్యి నీళ్ళ కింద పెట్టమని నవనీత అరుస్తూనే ఉంది, పెద్దంతరం చిన్నంతరం లేదని నాయనమ్మ తిడుతూనే ఉంది, అక్క ఏడుస్తూనే ఉంది. బొబ్బలు లేవనే లేచాయి.

మర్నాడు తరగతిలో ఆమె లేచి నిలబడి అడిగింది. "సార్, పాణం కాపాడుడు మాకు నేర్పుతున్నరు, మంచిదే. మరి మేం చెప్తె ఇననోళ్ళకు ఎవరు నేర్పాలె?"

కొందరు నవ్వారు. అందరి ఇళ్ళలోనూ ఉన్న గొడవే కాబట్టి ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. సార్ కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "చూద్దాం. బేస్తవారం మనమందరం అంగడికి పోతున్నం," అన్నాడు. నవనీత ఠపీమని కూర్చుంది. అడిగిందేమిటి, చెప్పిందేమిటి!

బేస్తవారం, అంటే గురువారం, సంత జరిగే అంగడి మొదట్లో ఒక టార్పాలిన్ పందిరి వేసి, కింద బల్ల మీద ప్రథమ చికిత్స సంచి పెట్టుకుని తరగతి తరగతంతా కూర్చుంది. పొద్దున్నుంచీ వచ్చినవాళ్ళంతా నవనీత ఓపికను పరీక్షించడానికే వచ్చినట్టున్నారు. ఒకామె తలనొప్పి గోళీలు ఇవ్వలేదని అలిగి పోయింది. ఉల్లిగడ్డలు అమ్మే ఆయన వేలు తెగి వచ్చాడుగానీ, ఆమె గాజుగుడ్డ తీసేలోపే తెగినచోట బీడీ బూడిద అద్దేసుకున్నాడు. "అట్ల పెట్టొద్దు, చీము పడతది," అని ఆమె గద్దిస్తే, "మా నాయన గూడ గిదే పెట్టిండు బిడ్డా, ఏం గాలే," అని వేలు ఊదుకుంటూ వెళ్ళిపోయాడు. ఆమె సార్ వైపు చూసింది. సార్ అప్పుడే పక్కనున్న కుళాయి దగ్గర చేతులు కడుక్కోవడానికి లేచాడు.

అంతలో గాజుల వరస నుంచి కేకలు వినపడ్డాయి.

అందరికంటే ముందు పరుగెత్తింది నవనీత. గాజులమ్మే కౌసల్య పరుచుకున్న దుప్పటి మీదే వెల్లకిలా పడి ఉంది. కళ్ళు పైకి తేలిపోయి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. మోచేతుల కింద గాజులు పటపట విరుగుతున్నాయి. తల్లి పోశవ్వ కూతురి కాళ్ళ మీద కూర్చుని కదలకుండా అదిమిపెడుతూ, "ఇనుము! ఎవరన్న ఇంత ఇనుము ఇయ్యుండ్రి!" అని గుండెలవిసేలా అరుస్తోంది. మేకలమ్మడానికి భుజాన గొంగడితో వచ్చిన కొమురయ్య అనే పెద్దాయన మొలతాడుకున్న తాళాల గుత్తి లాగి కౌసల్య గుప్పిట్లో కుక్కాడు.

నవనీతకు తెలుసు. ఫిట్స్ వచ్చిన మనిషికి ఏం చేయాలో, ఏం చేయకూడదో పాఠంలో ఉన్నది ఉన్నట్టు తెలుసు. కానీ ఆమె కంటికి మొదట కనిపించింది ఆ తాళాలు. "ఇనుముతోని ఏం గాదు! తియ్యుండ్రి!" అంటూ ఒంగి, గుత్తి లాగి గాజుల కుప్పలోకి విసిరేసింది.

అప్పటిదాకా కౌసల్య మీదున్న చూపులన్నీ నవనీత మీదికి తిరిగాయి.

"ఎవ్వరి పోరివే నువ్వు? పాణం మీదికొస్తే ఇనుము గుంజి పారేస్తవా?" అన్నాడు కొమురయ్య.

"మెదడుల కరెంటు ఎక్కువైతే ఇట్లయితది తాతా! దానికి ఇనుముకు ఏం సంబంధం లేదు!"

"నాలుగు అచ్చరాలు రాంగనే మాకు సుద్దులు జెప్పవడ్తివా?" అంది వెనకనుంచి ఒక గొంతు. ఆ గొంతుకూ జవాబు చెప్పింది. ఇంకెవరో ఏదో అన్నారు, దానికీ చెప్పింది. ఆమె చెప్పిన ప్రతి ముక్కా నిజమే. గొంతు కీచుగా మారింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అయినా వదల్లేదు. తన వీపు వెనక ఎవరో గోలీసోడా కొట్టిన చప్పుడు వినపడిందిగానీ, అదెందుకో ఆమెకు తట్టలేదు. తట్టేసరికి సోడా కౌసల్య పళ్ళ సందుల్లోంచి లోపలికి పోతోంది. గొంతులో గరగరమని చప్పుడు. నవనీత తిరిగి చూసేటప్పటికి కౌసల్య పెదవులు నేరేడుపండు రంగుకు తిరుగుతున్నాయి.

జక్రయ్య సార్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. గాజుల్లోంచి తాళాల గుత్తి ఏరి తీశాడు. కౌసల్య గుప్పిట్లో పెట్టాడు. పోశవ్వ రెండు చేతులూ తెచ్చి ఆ గుప్పిటి చుట్టూ మూశాడు.

"అవ్వా, ఈ చెయ్యి నీది. ఇడువకు. ఒత్తకు, ఊకె పట్టుకో."

చెయ్యి పట్టుకోవాలంటే పోశవ్వ కూతురి కాళ్ళ మీంచి దిగక తప్పలేదు. దిగింది.

"తమ్మీ, ఆ సోడా కింద పెట్టు. పెద్దాయన గొంగడి తీసుకుని, ఎండ తగలకుంట మీరిద్దరు చెరో కొస పట్టుండ్రి." సోడా పోసిన యువకుడూ కొమురయ్యా చెప్పినట్టే గొంగడి ఎత్తి పట్టుకున్నారు. వెనకే వచ్చిన ఒక విద్యార్థినికి, అంబులెన్సుకు ఫోను చేయమని సైగ చేశాడు. తర్వాత నవనీతను చూశాడు. "గాజులు తియ్యి."

ఇంత నేర్చుకున్నది చివరికి పెంకులు ఊడ్వడానికా అని ఆమెకు ఉక్రోషం ముంచుకొచ్చింది. అయినా మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో గాజుముక్కలు దూరంగా నెట్టసాగింది. సార్ తన తువ్వాలు మడిచి కౌసల్య తల కింద పెట్టి, భుజం, నడుం పట్టి మెల్లగా ఆమెను పక్కకు తిప్పాడు. నోటి మూలనుంచి సోడా నురగ కారింది. దాని వెనకే చొంగ, ఆ తర్వాత నమిలిన తమలపాకు ముద్ద ఒకటి జారి తువ్వాలు మీద పడింది. కౌసల్య ఛాతీ ఎగసి, పొడుగాటి ఊపిరి ఒకటి బుస్సుమని లోపలికి పోయింది.

నవనీత చేతులు ఆగిపోయాయి. తాను వచ్చింది మొదలు, వాదించినంతసేపూ ఆ ముద్ద కౌసల్య నోట్లోనే ఉంది.

"నీళ్ళు తాపొద్దా సార్?" అన్నాడు కొమురయ్య గొంగడి పట్టుకునే.

"తాపొద్దు. లేసి కూసుండి, తన పేరు తను చెప్పినంక."

"పక్కకెందుకు తిప్పినవు?"

"నోట్లున్నది బయటికి రావాలె గద."

కొమురయ్య అదంతా తనకు ముందే తెలుసన్నట్టు తల ఊపాడు. "అంతే మరి. చేతిల ఇనుము, మొఖం పక్కకు." సార్ తువ్వాలు కొసతో కౌసల్య మూతి తుడిచాడు.

కాసేపటికి కొట్టుకోవడం ఆగింది. కౌసల్య కళ్ళు తెరిచి, తల్లిని గుర్తుపట్టి, "గాజులు పలిగినయా?" అని అడిగింది. పోశవ్వ ఏడుస్తూ నవ్వింది. అంబులెన్సు వచ్చింది. అందులోకి ఎక్కబోతూ పోశవ్వ ఆ తాళాల గుత్తిని కళ్ళకద్దుకుని కొమురయ్య చేతిలో పెట్టింది. "నీ ఇనుము నా బిడ్డను నిలవెట్టింది పెద్దయ్యా," అంది. సార్‌ను చూసినట్టే లేదు. నవనీతను మాత్రం గుర్రుగా చూసింది.

సంచి మోసుకుంటూ వెనక్కి వస్తుంటే నవనీతకు ఏడుపు ఒక పక్క, కోపం ఒక పక్క. తనన్న మాటల్లో తప్పేమైనా ఉందేమోనని మొదటినుంచి చివరిదాకా వెతుక్కుంది. ఒక్కటీ దొరకలేదు. అదే ఆమెకు మింగుడుపడటం లేదు. పైగా వెనక కొమురయ్య కొత్తగా వచ్చి చేరినవాళ్ళకు జరిగింది చెప్తున్నాడు. చెప్పడం చాలక, ఒక మేకపిల్లను పట్టి నేల మీద పడుకోబెట్టి చూపిస్తున్నాడు.

"చేతిల ఇనుము పెట్టాలె. పెట్టి, గిట్ల పక్కకు ఒరిగియ్యాలె. నీళ్ళు గీళ్ళు సుక్క తాపొద్దు. తాపితే ఇనుము పని జెయ్యది!"

నవనీత గిరుక్కున వెనక్కి తిరిగింది. సార్ ఆమె భుజానికున్న సంచి పట్టె పట్టుకుని ఆపాడు.

"అది అబద్ధం సార్! మీకు తెలుసు!"

"తెలుసు."

"తెలిసీ ఒక్క మాటన్న అనకపోతిరి. పైంగ నేను పారేసిన తాళాలు మళ్ళ మీరే తెచ్చి పెట్టిన్రు!"

"చేతిల పెట్టిన," అన్నాడు సార్. "గొంతుల పెట్టలే."

ఆ మాటకు ఆమె కోపం మరింత పెరిగింది. సంచి కింద పెట్టేసి, "రేపు ఇంకొకరు పడ్డా మళ్ళ గా తాళాలే పెడ్తరు, చూడుండ్రి!" అంది.

మేకపిల్ల లేవబోతుంటే కొమురయ్య దాన్ని మళ్ళీ జాగ్రత్తగా పక్కకు ఒరిగిస్తున్నాడు. చుట్టూ చేరినవాళ్ళు మెడలు చాచి చూస్తున్నారు. సార్ అటే చూస్తూ, కింద ఉన్న సంచి తానే భుజానికెత్తుకున్నాడు.

"పెడ్తరు," అన్నాడు. "పక్కకు గూడ తిప్పుతరు."