ఓబులేసు మిద్దె మీద చియా పంట

పత్తికొండ పక్కన ఒక పల్లెలో ఓబులేసు, అతని పెళ్ళాం ఈరమ్మ, తమ్ముడు మద్దిలేటి ఉండేవాళ్ళు. చెప్పిన మాట చెప్పినట్టు చేసే తెలివి ఊరు మొత్తానికి తమ ముగ్గురికే ఉందని వాళ్ళ గట్టి నమ్మకం.

"జనం వినేదొకటి, చేసేదొకటి. మనం అట్లా కాదు," అని ఓబులేసు రోజూ మీసం దువ్వుకునేవాడు.

వరసగా రెండేళ్ళు వేరుశనగ ఎండిపోయింది. ఇంట్లో నూనె సీసా బోర్లించినా చుక్క రాలడం లేదు. ఈరమ్మ తమ్ముడు సుంకన్న జాలిపడి ఓ సంచి చియా గింజలు తెచ్చాడు.

"ఇది తులసికి చుట్టం బావా. గింజ ఆడిస్తే మంచి నూనె వస్తుంది."

చుట్టం అనగానే ఈరమ్మ గబగబా చాప పరిచి సంచిని కూర్చోబెట్టింది. "ఎండన పడి వచ్చింది పాపం," అని విసనకర్రతో విసిరింది కూడా.

సుంకన్న నుదురు కొట్టుకున్నాడు. "లోతుగా వేస్తే మొలవదు బావా. పైపైన చల్లండి," అని చెప్పి బస్సెక్కాడు.

ఓబులేసు అరుగు మీద కూర్చుని ఆలోచించాడు. "ఒక్క 'పైన' అంటే ఈ అరుగు. రెండు 'పై'లు చెప్పాడంటే మిద్దే!"

ఇంకేముంది! ముగ్గురూ నిచ్చెనేసుకుని మట్టిమిద్దె ఎక్కి గింజలన్నీ చల్లేశారు. వీళ్ళ అదృష్టం, వానలు పడ్డాయి. మిద్దె మట్టిలోంచి మొక్కలు లేచాయి, నీలం పూలు పూశాయి. వేళ్ళు దిగిన చోటల్లా ఇల్లు కారింది. ఓబులేసు మంచం మీద గొడుగేసుకుని పడుకున్నాడు గానీ, ఊరంతా తన మిద్దె వైపే చూస్తోందని ఛాతీ మాత్రం ఉప్పొంగింది.

సుంకన్న వచ్చి చూసి నోరెళ్ళబెట్టాడు. "ఎట్లాగైతేనేం, పండింది. కొద్దిరోజుల్లో పంట చేతికొస్తుంది."

అంతే! మరునాడు తెల్లవారగానే ముగ్గురూ మిద్దె అంచున కూర్చుని దోసిళ్ళు పట్టారు. చేతులు ఖాళీ లేవని ఈరమ్మ పొయ్యి కూడా వెలిగించలేదు. పిచ్చుకలు గుంపులుగా దిగాయి.

"అన్నా, తోలనా?"

"చెయ్యి తీశావంటే చంపుతా! సరిగ్గా అప్పుడే పంట వచ్చి కింద పడితే?"

పిచ్చుకలు తినగా, గాలికి రాలగా మిగిలినదాన్ని పాపం సుంకన్నే వచ్చి కోసి, దులిపాడు. ఒక్క సంచి తేలింది. "ఇంక మిగిలింది ఒకటే పని బావా. టౌనుకెళ్ళి గానుగ ఆడించుకు రండి."

అన్నదమ్ములు డప్పు భుజానేసుకుని బయల్దేరారు. గానుగ ముందు నిలబడి ఓబులేసు డప్పు అందుకున్నాడు, ఎట్లా ఆడాలో గానుగకు తెలియాలని మద్దిలేటి గంతులేసి చూపించాడు.

గానుగ ఓనరు పరుగున వచ్చాడు. "ఎవరయ్యా మీరు? గింజలేవీ?"

"ఆడించమన్నారు గానీ గింజలు తెమ్మనలేదే!"

అతను కట్టె తీసుకుని ఊరి పొలిమేర దాకా తరిమాడు.

"ఎంత వాయించినా కదల్లేదు ఈరీ," అన్నాడు ఓబులేసు ఇంటికొచ్చి, చెమట తుడుచుకుంటూ. "కొత్త మనుషులం కదా, సిగ్గుపడిందేమో."

నూనె కోసం అక్కడే కూర్చున్న సుంకన్నకు ఒళ్ళు మండిపోయింది. "మీకు చెప్పడం నా వల్ల కాదు బావా! ఈ పంటకు నీళ్ళొదులుకోండి ఇంక!" అని తువ్వాలు దులిపి వెళ్ళిపోయాడు.

ఓబులేసు ఈరమ్మ వైపు తిరిగాడు. "చూశావా, ఎంత మంచోడో నీ తమ్ముడు! అంత కోపంలోనూ ఉపాయం చెప్పే పోయాడు."

అంతే, కడవ తర్వాత కడవ నీళ్ళు సంచిలో కుమ్మరించారు. గింజలు నానాయి, ఉబ్బాయి. కుట్లు పటపటా తెగాయి. జిగురు జిగురుగా బూడిదరంగు ముద్ద బయటికొచ్చి, చాప దాటి, గడప మీదికి పాకింది. ఈరమ్మ కెవ్వుమని గోడను కరుచుకుంది.

ఓబులేసు కళ్ళు మాత్రం మెరిశాయి.

"ఒక్క సంచి పంట ఇల్లంతా అయిందే! ఈరీ, అట్లా చూస్తావేం, ఇంకో కడవ తే! ఒరేయ్ మద్దిలేటీ, ఇంటింటికీ పోయి ఖాళీ సంచులు అడుక్కురా!"