పాకం తాగిన బసవన్న

నిండు పూజలో సోమప్ప పరువు గంగలో కలిసింది. అదీ ఒక ఎద్దు మూలంగా.

మరుళయ్యగారి మఠంలో ఆ అయ్యవారు శంఖం ఊదేదాకా మనిషైనా, పశువైనా ఎదురుగా ఉన్నది ముట్టకూడదు. మఠం ఎద్దు బసవన్నకు ఆ నిగ్రహం నేర్పింది శిష్యుడు సోమప్పే. ముందు పచ్చగడ్డి పోసినా అది రాతి నందిలా నిలబడేది. ఆ గొప్ప సోమప్ప చెప్పని ఊరు లేదు, వినని కాకి లేదు.

అలాంటిది, శంఖం ఇంకా అయ్యవారి ఒళ్లోనే ఉండగా, బసవన్న ఒక్క దూకు దూకి నైవేద్యం గంపలో మూతి పెట్టేసింది. కొండంత కజ్జికాయల రాశి రెప్పపాటులో మాయం! అది చాలక ఊరి పెద్దకాపు కండువా సగం నమిలింది. ఆయన వేసిన కేకకి మఠం కప్పు లేచి మళ్లీ కూర్చుంది.

సోమప్ప ముఖం నల్లబడింది. "సిగ్గులేని జన్మ! దీన్ని అడవిలోకి తోలేస్తానయ్యవారూ. పులి తింటే తిననీ!"

"ఏం మేపావు నాయనా?"

"ఏం తక్కువ చేశాను? పండక్కి నిగనిగలాడాలని గడ్డి మానిపించి బెల్లప్పాకం పోశాను. పూటకో గంగాళం!"

అయ్యవారు గడ్డం నిమురుకున్నారు. "సరే. పౌర్ణమినాడు పలుపు విప్పి తోలేద్దాం. అందాకా దాని మేత నేను చూస్తాను. నీ తిండీ నేనే పెడతాను."

బసవన్నకు ఎండుగడ్డి, తవుడు. సోమప్పకు పొద్దున పాకం, మధ్యాహ్నం పాకంలో మరమరాలు, రాత్రికి పాకంలో అటుకులు. రాగిముద్ద కంటికి కనబడలేదు. ఏ జన్మలో పుణ్యమో అని మురిసిపోయాడు సోమప్ప. పోనుపోను ముంత నాకడం మొదలుపెట్టాడు. పాకం కాస్త ఆలస్యమైతే వంటాయన మీద కయ్యిమని లేచేవాడు.

"ఇదేం ఆత్రమయ్యా! గరిటె కూడా మింగేట్టున్నావు!" అని వంటాయన రెండడుగులు వెనక్కి వేసేవాడు.

పౌర్ణమి వచ్చింది. బసవన్న ముందు బెల్లప్పాకం తొట్టి పెట్టారు. పంక్తిలో విస్తళ్లు వేసి కజ్జికాయలు వడ్డించారు. సోమప్ప పక్కనే పెద్దకాపు, కొత్త కండువాతో. అయ్యవారు శంఖం చేతిలోకి తీసుకున్నారు. ఊదలేదు. కళ్లు మూసుకున్నారు.

చీమ తుమ్మితే వినబడేంత నిశ్శబ్దం.

కరకర.

పెద్దకాపు ఉలిక్కిపడి కండువా గుండెలకు హత్తుకున్నాడు. అందరి తలలూ బసవన్న వైపు తిరిగాయి. మూతి నుంచి చొంగ కారుతున్నా, తొట్టి ముందు అది కదలక మెదలక నిలబడి ఉంది.

సోమప్ప కూడా అటే తిరిగాడు. "మళ్లీనా!" అని కసరబోయాడు. మాట రాలేదు. నోటినిండా కజ్జికాయ ఉంది. తన విస్తట్లోది కాదు, పెద్దకాపు విస్తట్లోది.

తన చేతిని తానే పరాయివాడి చేతిలా చూసుకుంటూ కొయ్యబారిపోయాడు.

అయ్యవారు కళ్లు తెరిచారు.

"నాయనా, పౌర్ణమి వచ్చింది. పలుపు ఎవరికి విప్పమంటావు?"