దుప్పి నెత్తుటి జాడ

"అయ్యా, భయం వల్ల చేయలేకపోయిన పనికి దోషం అంటుతుందా?" అని చిదంబరం ఒకనాడు తన గురువు పరదేశయ్యగారిని అడిగాడు. ఆయన నల్లమలలో తానెరిగిన ఈదన్న అనే చెంచు వేటగాడి సంగతి చెప్పారు.

ఈదన్న వేసిన బాణం దుప్పి గుండెలో దిగవలసింది, కడుపులో దిగింది. అది బాణంతోనే పారిపోయింది. ఈదన్న, అతని బావమరిది గురవడు ఆకుల మీద నెత్తుటి చుక్కలు చూసుకుంటూ వెంబడించారు. జాడ ఒక ఇరుకు లోయలోకి, వెదురు గుబురులోకి దిగింది. అక్కడ తడి ఇసుకలో, నెత్తుటి చుక్కను తొక్కుకుంటూ పులి అడుగు పడి ఉంది. అందులోకి నీరు ఇంకా ఊరుతూనే ఉంది; పులి ఇప్పుడిప్పుడే అటు పోయింది.

గురవడు ఈదన్న చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ఇంక చాలు బావా. అది పులి సొత్తు."

"పులి కొట్టలేదురా దాన్ని. నేను కొట్టినాను."

అన్నాడే గాని ఈదన్నకు కాళ్లు ఆడలేదు. ఎక్కడా పిట్ట కూత లేదు. చివరికి పాకుతూ గుబురులోకి పోయాడు. దుప్పి ఇంకా బతికే ఉంది. పక్కకు ఒరిగి నురగ కక్కుతూ, ఒక చెవి మాత్రం ఆడిస్తోంది. దాని వెనక వెదుళ్లలో, కంటికి కనబడకుండా, సన్నగా గుర్రుమన్న చప్పుడు. ఈదన్న దుప్పి కళ్లు అరచేత్తో మూసి, కత్తితో గొంతు కోశాడు. ఆ చెవి ఆగేదాకా కదలలేదు. గుర్రు మరింత దగ్గరైంది. వీపు చూపకుండా, ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ బయటపడ్డాడు.

గట్టు మీద కాచుకుని ఉన్న గురవడి దగ్గరికి రాగానే వాంతి చేసుకున్నాడు.

"మాంసమేది బావా?"

"పులికే."

"మరి ప్రాణం మీదికి తెచ్చుకోని ఎందుకు పోయినావు?" అని గురవడు ఏడుపు గొంతుతో అరిచాడు. ఈదన్నకు పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. "అది ఇంకా బతికే ఉండెరా" అన్నాడు.

విన్న చిదంబరం, "అయితే ఆనాటితో అతనికి భయం పోయిందన్నమాట" అన్నాడు.

"లేదు నాయనా. మళ్లీ ఎన్నడూ ఆ లోయ ఛాయలకు పోలేదు. ముసలితనంలో నాకు ఈ సంగతి చెబుతున్నప్పుడు కూడా ఆ లోయ వైపు వీపు పెట్టి కూర్చోలేదు."

"భయం పోనే లేదంటే, మరి..."

పరదేశయ్యగారు లేచి కండువా భుజాన వేసుకున్నారు.

"దుప్పికి అతని భయంతో ఏం పని?" అన్నారు.