తాయారమ్మ మడిచిన ఆకు

ఇవాళ ఒక్క కథే, బుల్లీ. రెండోది అడక్కు. పొద్దుటినుంచి నిలబడీ నిలబడీ నా కాళ్ళు నావి కాకుండా పోయాయి. నువ్వు ఆ కాలు కాస్త నొక్కుతూ ఉండు, నేను చెబుతూ ఉంటాను. అన్నం దగ్గర అడిగావుగా, అందరూ కరివేపాకు ఏరి పక్కన పెడితే నువ్వొక్కదానివే ఎందుకు తింటావు అమ్మమ్మా అని. ఆ కథే ఇది.

అనగనగా ఒక ఊళ్ళో ఒక పెద్దావిడ ఉండేది. ఆ ఊరు జపాను దేశంలో. పేరు చెబుదామంటే నాకు నోరు తిరగదు. పెద్దావిడ మాత్రం మన కోనసీమ మనిషే. పేరు తాయారమ్మ. అవును, నా పేరే, నేనే. కానీ నేనూ నేనూ అంటూ చెబితే కథలా ఉండదు, తగువులా ఉంటుంది. అందుకని తాయారమ్మ అనే చెబుతాను.

తాయారమ్మ కూతురు, అంటే మీ అమ్మ, నువ్వింకా పుట్టకముందు ఆ ఊళ్ళో ఉద్యోగం చేసేది. మూడు నెలలు ఉండి వెళ్ళమ్మా అని పిలిచింది. తాయారమ్మ చలికాలం చివర్లో వెళ్ళింది. కూతురు పొద్దున్న ఏడింటికి గడప దాటితే మళ్ళీ దీపాలు పెట్టాకే రావడం. తాయారమ్మకి చదువు సంతకం వరకే. అక్కడి బోర్డులేమో చుక్కలు తప్పిన ముగ్గుల్లా ఉన్నాయి. ఇక్కడికొస్తే మా ఊరి కరణంగారికైనా ఇదే గతి కదా అని కాస్త ఊరట.

పక్కవాటాలో యాసుకో అని ఒకావిడ ఉండేది. తాయారమ్మ యాసుకమ్మా అని పిలిచేది, ఆవిడ పలికేది. ఎనభై దాటాయి, నడుం కాస్త వంగింది. ఆవిడకి ఏటా ఒక అలవాటు. మూడు పూలు చూడ్డానికి మూడు చోట్లకి రైల్లో వెళ్ళాలి. పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరాలి. ఎక్కడ పువ్వు చూస్తే అక్కడి తిండి తినాలి. మొదట చలిలో పూసే ప్లమ్ పూలు. ఆ తర్వాత చెర్రీ పూలు. ఆ తర్వాత ఊదారంగు గుత్తుల తీగ, విస్టీరియా అంటారట దాన్ని.

నలభై ఏళ్ళుగా అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసి వెళ్ళారు. ఒక్క ఏడు తప్పలేదు. కిందటేడు అక్క పోయింది. ఆ తర్వాత యాసుకమ్మ స్టేషను మెట్లమీద పడింది. అప్పుడు వేరే ఊళ్ళో ఉన్న కొడుకు, తోడు లేకుండా రైలెక్కడానికి వీల్లేదని ఖచ్చితంగా చెప్పేశాడు. ఈ ఏడుతో నా పూలు ఆగిపోయినట్టేనని ఆవిడ మీ అమ్మతో అందట.

మీ అమ్మ విని ఊరుకోవచ్చుగా. మా అమ్మ తోడొస్తుంది అని మాటిచ్చేసి వచ్చింది. నన్ను ఒక్క ముక్క అడగలేదు. అది నేను ఇప్పటికీ మర్చిపోలేదు, మీ అమ్మకీ తెలుసు.

సరే, మొదటి ప్రయాణం. రెండు రైళ్ళు, ఒక బస్సు, లెక్కలేనన్ని మెట్లు. తాయారమ్మ లేచీ లేవగానే పులిహోర కలిపి డబ్బాలో సర్దింది. చేపా మాంసమూ తినదని మీ అమ్మ వాళ్ళ భాషలో ఒక చీటీ రాసిచ్చింది. తను చదవలేని ఆ చీటీని తాయారమ్మ బొడ్లో దోపుకుంది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఆవిడ ధోరణిలో ఆవిడ మాట్లాడింది, ఈవిడ ధోరణిలో ఈవిడ మాట్లాడింది. రెండో రైలు ఎక్కేసరికి ఇద్దరూ అలిసిపోయి ఊరుకున్నారు.

ప్లమ్ చెట్లకి ఆకు లేదు, అన్నీ పూలే. ఎంత బాగున్నాయంటే, ఏం చెప్పను, చలికి తాయారమ్మ ముక్కు కారుతూ ఉంటే పూలేం కనబడతాయి. అక్కడి కొట్లో ఎర్రచిక్కుడు గింజల పాయసం వేడివేడిగా ఇచ్చారు. తీపి చాల్లేదు. కానీ చేతులు వెచ్చబడ్డాయి.

అప్పుడు తాయారమ్మ పులిహోర పెట్టింది. యాసుకమ్మ రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టి తినడం మొదలుపెట్టింది. కరివేపాకు తినేసింది. తాయారమ్మ చూస్తోంది. రెండో ఆకూ తినేసింది. ఆ తర్వాత ఎండుమిరపకాయ నోట్లో పెట్టుకుని, పూర్తిగా నమిలి మింగింది. మొహం ఎర్రబడింది. కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ఖాళీ డబ్బాకి కూడా దణ్ణం పెట్టింది.

తాయారమ్మ బస్సు దిగేదాకా నవ్వింది. ఇంటికొచ్చి ఫోనులో మరదలికి చెప్పి మళ్ళీ నవ్వింది. పెద్దమనిషికి ఏరుకుని తినడం తెలీదు పాపం అంది. ఆ మాట గుర్తుపెట్టుకో, పనుంది.

ఆ తర్వాత నెల తిరిగింది. చెర్రీ పూలు వచ్చాయి. రెండో ప్రయాణం.

అక్కడ జనం మన తీర్థంలో ఉన్నట్టు ఉన్నారు, కానీ చప్పుడు లేదు. చెట్ల కింద పట్టాలు పరుచుకుని, చెప్పులు పట్టా అంచున వరసగా విడిచి కూర్చుంటారు. తాయారమ్మకి ఆ వరస నచ్చింది. మన పెళ్ళిళ్ళలో చెప్పులు ఎలా పడేస్తారో తలుచుకుని మనవాళ్ళ మీద కోపం తెచ్చుకుంది. నేల మీద కూర్చోవడం తేలికే, లేవడానికి మాత్రం ఒకరినొకరు పట్టుకోవాల్సి వచ్చింది.

అప్పుడు యాసుకమ్మ గుడ్డ విప్పి చిన్న పెట్టె తీసింది. అందులో రెండే రెండు మిఠాయిలు. మన చలిమిడి ఉంటుందే, అలా గులాబి రంగులో, లోపల పూర్ణం. ఒక్కోదానికి ఒక్కో చెర్రీ ఆకు చుట్టి ఉంది. ఒకటి తాయారమ్మకి రెండు చేతులతో అందించింది.

తాయారమ్మ ఏం చేసింది? పనసాకుల బుట్టల్లో ఇడ్లీ పిండి పోసి పొట్టిక్కలు వండే ఇంట్లో పుట్టిన మనిషి. ఆకు ఊడదీసి లోపలిది తినడం పాలు మరవకముందే నేర్చింది. ఆకు ఒలిచింది. మిఠాయి తింది. భోజనం బాగుందంటే విస్తరి మన వైపుకి మడుస్తాం కదా, అలా ఆ ఆకుని పద్ధతిగా తన వైపుకి మడిచింది. అక్కడ చెత్తబుట్ట అన్నది ఉండదు, ఎవరి చెత్త వాళ్ళే ఇంటికి మోసుకుపోవాలి. అందుకని ఆకుని సంచిలో పడేసింది.

పక్కన యాసుకమ్మ కళ్ళు మూసుకుని తింటోంది. ఆకుతో సహా. కళ్ళు తెరిచేసరికి తాయారమ్మ చేతిలో ఆకు లేదు. సంచి వంక చూసింది. తిరుగు రైల్లో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. రోజూ గుమ్మం దగ్గర మూడుసార్లు వంగి దణ్ణం పెట్టే మనిషి, ఆ వేళ ఒక్కసారే వంగి తలుపేసుకుంది.

తాయారమ్మకి ఒళ్ళు మండిపోయింది. కూతురు రాగానే చెప్పుకుంది. మెట్లెక్కీ దిగీ మోకాళ్ళు అరగదీసుకుంటున్నది ఎవరికోసం, ఆవిడ నన్ను చూసి మొహం తిప్పుకుంటుందా అంది. మీ అమ్మ అంతా విని మెల్లిగా అడిగింది.

"అమ్మా, ఆ ఆకేం చేశావు?"

"ఆకునేం చేస్తారే? మడిచి పడేశాను."

"అది తినే ఆకమ్మా. ఆవిడా వాళ్ళక్కా కలిసి కోసి ఉప్పులో ఊరేసినవి. వాళ్ళక్క చేతివి రెండే మిగిలాయి, ఒకటి నాకు, ఒకటి మీ అమ్మకి అని నాతో ముందే చెప్పింది."

"ఆ ముక్క నాకు పొద్దున్న చెప్పి ఏడవచ్చుగా."

"ఆఫీసు హడావిడిలో మర్చిపోయాను."

మర్చిపోయిందిట. చూశావా? ఇది రెండోది, ఇదీ రాసిపెట్టుకున్నాను. రాయడం రాకపోయినా రాసిపెట్టుకున్నాను.

అప్పుడు తాయారమ్మ లేచి వెళ్ళి సంచి బోర్లించింది. మడత విప్పకుండా ఆకు అలాగే ఉంది. దాన్ని కడిగింది, తుడిచింది. ఊరగాయలు పెట్టిన చెయ్యి కదా, తెలుసు ఏం చేయాలో. ఉప్పుడబ్బాలో అడుగున పెట్టి పైన ఉప్పు కప్పింది. అంతవరకు చేసింది. కానీ పక్క తలుపు మాత్రం తట్టలేదు. తోడు వెళ్ళిన మనిషిని నేను, ముందు ఆవిడే మాట్లాడాలి అని కూర్చుంది.

ఒక వారం గడిచింది. ఆవిడ రాలేదు. రెండో వారం గడిచింది. ఆవిడ బాల్కనీలో బట్టలు ఆరేస్తుంటే ఈవిడ లోపలికి వచ్చేసింది. మూడో వారం వాన పట్టుకుంది. ఇంట్లో ఒక్కత్తే కూర్చుంటే ఆ మెట్లు ఎక్కిన అలసటే నయం అనిపించింది తాయారమ్మకి. ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు మీ అమ్మ అంది, ఊదాగుత్తులు ఈ ఆదివారంతో రాలిపోతాయట అని. యాసుకమ్మ ఈసారి వెళ్ళడం లేదట అని.

"నన్ను అడిగితే నేను రానన్నానా?" అంది తాయారమ్మ.

"ఆవిడ అడగదమ్మా. నీకు నచ్చని తిండి బలవంతాన పెట్టానని సిగ్గుపడుతోంది. కోపం కాదది."

"నచ్చలేదని ఎవరన్నారు?"

"నువ్వే. ఆకు పడేశావుగా. నీ ఎండుమిరపకాయ ఆవిడ ఎందుకు మింగిందనుకున్నావు? పక్కన పెడితే నువ్వు చిన్నబుచ్చుకుంటావని. మూడు రోజులు కడుపుమంటతో మంచం దిగలేదట, నిన్ననే నాకు తెలిసింది."

తాయారమ్మకి ఫోనులో మరదలితో నవ్విన నవ్వు గుర్తొచ్చింది. బుల్లీ, నేను చాలామంది మీద చాలా కోపాలు దాచుకున్నదాన్ని. మీ తాతమ్మ నా పెళ్ళిలో అప్పడాల గురించి అన్న మాట కూడా దాచుకున్నాను. కానీ నా మీద నాకు కోపం వస్తే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలీదు. అలవాటు లేదు.

తెల్లారింది. శనివారం. వాన తగ్గీ తగ్గనట్టుగా ఉంది. తాయారమ్మ పులిహోర కలిపింది. చీటీ బొడ్లో దోపుకుంది. ఉప్పులోంచి ఆకు తీసి అరిచేతిలో పెట్టుకుని పక్క తలుపు తట్టింది.

యాసుకమ్మ తలుపు తీసింది. తాయారమ్మ చెయ్యి చాపింది. ఆవిడ ఆకుని చూసింది. చాలాసేపు చూసింది. మడత గీత ఇంకా ఉంది దాని మీద. ఆ తర్వాత లోపలికి వెళ్ళింది. రాదేమో అనుకుంది తాయారమ్మ. బయటికి వచ్చేటప్పటికి కాళ్ళకి నడక బూట్లు, చేతిలో గొడుగు.

అలా మూడో ప్రయాణం. మూడు రైళ్ళు. మెట్లు ఎక్కడ ఎక్కారో ఎక్కడ దిగారో గుర్తులేదు, ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని వెళ్ళారు. పందిరి నిండా ఊదాగుత్తులు వేలాడుతున్నాయి. సగం రాలి నేల కూడా ఊదాగానే ఉంది. యాసుకమ్మ పందిరి కింద నిలబడి, పక్కన ఇంకో మనిషికి చోటు వదిలి చూసింది. తాయారమ్మ ఆ చోట్లోకి వెళ్ళలేదు. ఒక అడుగు ఇవతలే నిలబడింది.

ఆ తర్వాత బల్ల మీద కూర్చున్నారు. తాయారమ్మ ఆకు ఆవిడకిచ్చింది. ఆవిడ తిరిగి ఇచ్చింది. ఈవిడ మళ్ళీ ఇచ్చింది, ఆవిడ మళ్ళీ తిరిగి ఇచ్చింది. మూడోసారికి తాయారమ్మ ఆకుని నడిమి ఈనె వెంట చీల్చింది. నా చెయ్యి తప్పదు, రెండు సగాలూ సమానం. ఇద్దరూ నమిలారు. ఉప్పు. ఒట్టి ఉప్పు. నీళ్ళసీసా సగం అయిపోయింది. కానీ అడుగున ఎక్కడో చిన్న వాసన ఉంది, పువ్వుదో, ఆ అక్కదో.

అప్పుడు పులిహోర తీసింది. తాయారమ్మ ముందుగా ఎండుమిరపకాయ ఏరి మూత మీద పెట్టి చూపించింది. యాసుకమ్మ తన మిరపకాయ ఏరి, దాని పక్కనే వరసగా, పట్టా అంచున చెప్పులు విడిచినట్టు పెట్టింది. తాయారమ్మ కరివేపాకు కూడా ఏరి మూత మీద పెట్టింది. ఆవిడ తల అడ్డంగా ఊపింది. కరివేపాకు నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుని నమిలింది. మర్యాదకి కాదు, ఆ మొహం చూస్తే తెలిసింది.

తాయారమ్మ మూత మీది ఆకు వంక చూసింది. అరవై ఏళ్ళుగా పారేస్తూ వచ్చిన ఆకు. తీసి నోట్లో వేసుకుంది.

తిరుగు రైల్లో ఇద్దరికీ నిద్ర పట్టేసింది. ఒకరి తల మీద ఒకరి తల వాలింది. దిగాల్సిన ఊరు దాటిపోయి మూడు స్టేషన్లు ముందుకు వెళ్ళారు. మళ్ళీ వెనక్కి రావాల్సి వచ్చింది. గుమ్మం దగ్గర యాసుకమ్మ మూడుసార్లు వంగింది. తాయారమ్మ నడుం వంగక ఒక్కసారే దణ్ణం పెట్టింది. మరో పది రోజులకి తాయారమ్మ మన ఊరు వచ్చేసింది. ఆ తర్వాత పూలకి ఆవిడకి తోడు ఎవరు వెళ్ళారో నాకు తెలీదు. మీ అమ్మ కనుక్కుంటానంది, కనుక్కోలేదు. అది మూడోది.

ఇదీ సంగతి. రేపటినుంచి నా కంచంలో కరివేపాకు చూసి నవ్వకు. నీకు తినాలని లేకపోతే మానెయ్యి, కానీ పారేసేముందు ఒకసారి దానివంక చూడు. కాలు వదిలెయ్, నీ చేతులు కూడా అలిసిపోయాయి.

పువ్వు రాలె నేలకి, ఆకు చేరె నోటికి,
రైలు చేరె షెడ్డుకి, కాలు చేరె దుప్పట్లోకి,
నా కథేమో కంచికి, నువ్వూ నేనూ నిద్రకి.