ట్రాలీ వెనక బండ్లు

గురువారం అంగడి అయినంక తాగి బండ్లు నడిపేటోళ్ళను ఎట్ల పట్టాల్నో ఎస్సై సారంగపాణికి అర్థం కాలేదు.

అంగడి పక్కనే కల్లు కాంపౌండు. దానికి ఎదురుంగ వైన్స్. సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాక అక్కడ కాలు పెట్టే సందు ఉండదు. వచ్చినోళ్ళల్ల సగం మంది బండ్ల మీద వచ్చినోళ్ళే. గని కల్వర్టు కాడ రెండు గంటలు నిలబడి అందరితోని మిషన్ ఊదిస్తే దొరికేది ముగ్గురో నలుగురో.

మరి తాగినోళ్ళంతా ఎటు పోతున్నట్టు?

పాణి అన్నీ చేసి చూసిండు. తంగెడు పొదల వెనక దాక్కున్నడు. వారం వారం జాగ మార్చిండు. ఆయన జీపు దిగకముందే "సారు ఇయ్యాల స్కూలు కాడ ఉన్నడు" అని ఫోన్లల్ల మెసేజ్ తిరిగేది. ఒకడు ఇంజన్ బంద్ చేసి బండి నూకుకుంట వచ్చిండు. "తోల్తలేను సార్, నడుస్తున్న. నడిచేటోనికి గూడ కేసా?" అన్నడు. ఇంకొకడు పెండ్లాన్ని ముందట కూసోబెట్టి తను వెనక కూసున్నడు. ఆ తల్లికి హ్యాండిల్ పట్టుడే రాదు. బండి సీదా పోయి పాణి బూటు ఎక్కింది.

పెద్ద ఫ్లెక్సీ గూడ కట్టిచ్చిండు. వారం తిరగకముందే ఎవరో విప్పుకపోయి మక్కల కుప్ప మీద కప్పుకున్నరు.

ఇగ ఏం తోచక గట్టయ్య గురువుగారి దగ్గరికి పోయిండు.

గట్టయ్య గురువుగారు తాటివనం పక్కన రేకుల ఇంట్ల ఉంటడు. యాభై ఏండ్లు తాటిచెట్లు ఎక్కి కల్లు గీసిన మనిషి. మోకాళ్ళు పోయినంక చెట్టు దిగిండు. దిగిన రోజు నుంచి కల్లు ముట్టలే. చుట్టు పదూర్లల్ల ఆయన దగ్గర గురుబోధ తీసుకున్నోళ్ళు ఉన్నరు. డిగ్రీల ఉన్నప్పుడు పాణి గూడ తీసుకున్నడు.

పాణి చెప్పుకున్నదంతా ఆయన విన్నడు.

"ఇంకో రెండు మిషన్లు అడిగిన గురువుగారు. కెమెరా గూడ అడిగిన. అవి వస్తెగని లాభం లేదు."

"రానీ. అందాక గురువారం నేనొచ్చి కూసుంట. ఛాయ్ తాపిస్తవా?"

"అయ్యో, అదెంత పని!"

గురువారం సాయంత్రం గురువుగారు కట్టె పట్టుకొని వచ్చి, కల్వర్టుకు ఇవతల రాజవ్వ ఛాయ్ హోటల్ ముందట బల్ల మీద కూసున్నడు. అక్కడ పది, పన్నెండు బండ్లు ఆగి ఉన్నయి. బండ్ల మీద మనుషులు ఉన్నరు. కండ్లు ఎర్రగ ఉన్నయి. ఒక్కడు గూడ ఛాయ్ తాగుతలేడు.

"ఎవరి కోసం బిడ్డా?" అని పక్కనోణ్ణి అడిగిండు గురువుగారు.

"ట్రాలీ కోసం తాతా."

"ఏం ట్రాలీ?"

"నీకు తెల్వదు తియ్యి. ఇగ జర్ర సేపట్ల వస్తది."

రాజవ్వ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

ఆరు కావస్తుంటే అంగడి దిక్కు నుంచి నీలం ట్రాలీ ఆటో వచ్చింది. రోడ్డుకు అటింత ఇటింత పోవుకుంట వచ్చింది. హోటల్ ముందటి బండ్లన్నీ ఒక్కసారి స్టార్ట్ అయినయి. కోడి వెనక పిల్లల లెక్క దాని వెనక కట్టినయి.

గురువుగారు కల్వర్టు దిక్కు చూసిండు. ట్రాలీ దగ్గరపడంగనే పాణి జేబుల నుంచి ఫోన్ తీసిండు. రోడ్డుకు వీపు పెట్టిండు. పొలాల దిక్కు తిరిగి ఫోన్ల ఏదో చూస్తున్నట్టు నిలబడ్డడు. ట్రాలీ పోయింది. దాని వెనక పన్నెండు బండ్లు పోయినయి. కానిస్టేబుల్ జంగయ్య తల గోక్కున్నడు.

అప్పుడు పాణి ఇటు తిరిగి, సైకిల్ మోటరు మీద మెల్లగ వస్తున్న తెలుగు సార్‌ను ఆపిండు. మిషన్ల సున్నా వచ్చింది.

"జీవితంల పుదీనా నీళ్ళు తప్ప ఏం ముట్టలే నాయనా," అన్నడు సారు.

చెకింగ్ అయిపోయినంక పాణి వచ్చి గురువుగారి పక్కన కూసున్నడు. "చూసిన్రా? ఇద్దరే దొరికిన్రు."

"ఆ ట్రాలీ ఎవరిది?"

పాణి టోపీ తీసి బల్ల మీద పెట్టిండు. రాజవ్వ గ్లాసులు కడుగుడు ఆపింది.

"ఓదెలు బావది," అన్నడు పాణి.

"ఊఁ."

"అమ్మ పోయినప్పుడు నాకు ఆరేండ్లు. అక్క నన్ను సంకల ఎత్తుకొని అత్తగారింటికి పోయింది. ఇంకొకడైతే కాదంటుండె. బావ నన్ను భుజాల మీద ఎక్కించుకొని బడికి తీసుకపోయిండు. ఎస్సై కోచింగుకు గూడ ఆయనే పంపిండు." పాణి రాజవ్వ దిక్కు ఒకసారి చూసిండు. "రోజూ తాగే నడుపుతడు గురువుగారు. 'ఈ తొవ్వ నాకు కొత్తదారా, ముప్పై ఏండ్ల నుంచి అలవాటే' అంటడు. ఎన్నడో ఒకనాడు ఏ లారీ కిందనో పడతడు. రాత్రి ఫోన్ మోగితే నా పానం పోతది."

"మరి ఆపుతలేవేంది?"

"నలుగుర్ల నిలబెట్టి ఊదు బావా అంటే ఆయన మర్యాద ఏం గావాలె? అక్క మళ్ళ నా మొఖం చూస్తదా? బావకు ఎదురు మాట్లాడుడే ఎరుగను నేను."

గురువుగారు ఛాయ్ అడుగు దాక తాగి గ్లాసు పెట్టిండు.

"ఆదివారం మీ బావను తీసుకొని వనానికి రా."

ఆదివారం పగటిపూట వాళ్ళు పోయేసరికి గురువుగారు ఒక పొడుగు తాటిచెట్టు కింద కూసున్నడు. పక్కన నిండు కల్లు లొట్టి ఉంది. భుజం మీద చెట్టెక్కే మోకు ఉంది. ఓదెలు అప్పటికే రెండు సీసాల కల్లు మీద ఉన్నడు. నల్లగ, పెద్ద బొజ్జతోని, నవ్వు మొఖం మనిషి. దూరం నుంచే దండం పెట్టిండు.

"దండాలు గురువుగారు! మోకేంది, మళ్ళ గీత మొదలుపెడ్తున్నరా?"

"అవును ఓదెలూ. ఊకె కూసుంటే కాళ్ళు పట్టేస్తున్నయి."

అని లొట్టి ఎత్తిండు. గడగడ తాగిండు. పాణి నోరు తెరిచి చూసిండు. ఏడేండ్ల నుంచి ముట్టని మనిషి లొట్టి వంచి ఆఖరి బొట్టు దాక తాగిండు. మీసం తుడుచుకొని లేసిండు. కొంచెం తూలిండు. మోకు చెట్టుకు వేసిండు.

"గురువుగారు..." అన్నడు పాణి.

"ఏంది?"

"తాగిన్రు గద."

"తాగితే ఏంది? ఈ చెట్టు నాకు కొత్తదా? యాభై ఏండ్ల నుంచి అలవాటే."

ఓదెలు మొఖం మీద నవ్వు పోయింది.

గురువుగారు ఒక కాలు పెట్టిండు. ఇంకో కాలు పెట్టిండు. మనిషి ఎత్తు ఎక్కిండు. మోకాలు వణికింది. పాణి రెండు చేతులు జోడించుకొని చెట్టు కిందికి ఉరికిండు. "వద్దు గురువుగారు, మీకు దండం పెడత, దిగుండ్రి, నా మాటినుండ్రి," అనుకుంట చుట్టు తిరిగిండు. గురువుగారు వినలే. మోకు ఇంకో మూర పైకి ఎగరేసిండు.

ఓదెలు దండం పెట్టలే. బొజ్జ ఊపుకుంట వచ్చి, ఎగిరి గురువుగారి నడుం పట్టి కిందికి గుంజిండు. ఇద్దరూ పోయి ఎండు మట్టల మీద పడ్డరు.

"నీకేమన్న పిచ్చి లేసిందా ముసలోడా!" అని అరిచిండు ఓదెలు. "కిందపడితే బొక్క దొరకకపోవు! ఏ వయసు, ఏం పని ఇది! సిగ్గు శరం ఉండాలె మనిషికి!"

అరిచినంక ఎవరిని అన్నడో యాదికొచ్చింది. నాలుక కరుచుకొని గురువుగారి కాళ్ళ మీద పడ్డడు.

గురువుగారు మట్టల మీద ఎల్లెలకల పడి నవ్వుతున్నడు. కండ్లల్ల నీళ్ళు వచ్చేదాక నవ్విండు. మోచెయ్యి గీరుకపోయింది. ఓదెలు తల మీద చెయ్యి పెట్టిండు.

"మా అవ్వ పోయినంక నన్ను ఇంత ప్రేమగ ఎవరు తిట్టలే రా."

తరువాత పాణి దిక్కు చూసిండు. పాణి ఇంకా చేతులు జోడించుకొనే ఉన్నడు.

"నువ్వేం చేస్తున్నవ్ పాణీ?"

"మీరు గురువుగారు. మీ నడుం మీద చెయ్యి ఎట్ల వేయాలె?"

గురువుగారు జోడించిన ఆ చేతుల దిక్కే చూసిండు. పాణి మెల్లగ చేతులు దించిండు.

పోయేటప్పుడు గురువుగారు అన్నడు, "ఓదెలూ, నాకు తల తిరుగుతున్నది. నీ ట్రాలీల ఇంటికాడ దించు."

ఓదెలు తాళంచెవి తీసిండు. చూసుకున్నడు. పాణి చేతుల పెట్టిండు. "నువ్వు నడుపు. నేను జర్ర తాగిన. పెద్దమనిషి ఉన్నడు బండ్ల."

బావ మారిండు అనుకున్నడు పాణి. గురువారం దాక అనుకున్నడు.

గురువారం ఆరింటికి ట్రాలీ వచ్చింది. రోడ్డుకు అటింత ఇటింత పోవుకుంటనే వచ్చింది. వెనక పదహారు బండ్లు. ఓదెలు దూరం నుంచే చెయ్యి ఊపిండు.

పాణి చెయ్యి జేబు దాక పోయింది. ఫోన్ తీయలే. పోయి రోడ్డు నడుమ నిలబడ్డడు.

ట్రాలీ ఆయనకు నాలుగు అడుగుల ముందట ఆగింది.

"ఏందిరా బామ్మర్దీ, బండికి అడ్డం నిలబడ్డవ్? గుద్దితే ఎట్ల?"

"దిగు బావా."

"ఎవరిని? నన్నా?"

"నిన్నే. దిగు."

ఓదెలు వెనక్కి చూసిండు. పదహారు బండ్లు ఆగి ఉన్నయి. రాజవ్వ హోటల్ల నుంచి బయటికి వచ్చింది. "వీళ్ళందరి ముందటనా?" అన్నడు గొంతు తగ్గించి. "మీ అక్కకు ఏం చెప్తవ్ రా?"

"నువ్వు ఊదినవని చెప్త."

"నిన్ను భుజాల మీద మోసిన రా పాణీ."

"మోసినవ్ బావా. ఊదు."

పాణి మిషన్ బావ మొఖం ముందటికి చాపిండు. ఓదెలు ఆ చెయ్యి చూసిండు. వంగి ఊదిండు. నూట ముప్పై నాలుగు వచ్చింది.

"సార్," అన్నడు జంగయ్య దగ్గరికొచ్చి, చెవుల, "బావగారిది గూడ రాయాల్నా?"

"ఫస్టు ఆయనదే రాయి."

వెనక పదహారు బండ్లు ఒక్కసారి వెనక్కి మర్రుదామని చూసినయి. ఒకదానికొకటి తగిలి రోడ్డు మీద చిక్కుపడ్డయి. ఒకడు దిగి నూకుడు మొదలుపెట్టిండు గని ఎటు నూకాల్నో తెల్వలే. అందరినీ ఊదించేసరికి పొద్దుగూకింది.

ట్రాలీని పాణే నడుపుకుంట బావను ఇంటికి తీసుకపోయిండు. ముచ్చట అప్పటికే ఇంటికి చేరింది. సుగుణక్క వాకిట్ల నిలబడి ఉంది. మొగణ్ణి లోపలికి పొమ్మన్నది. తమ్మున్ని కింది నుంచి మీది దాక చూసింది. ఎప్పుడొచ్చినా "తిన్నవారా" అని అడిగే మనిషి, ఆ రోజు ఆ మాట అడగలే. తలుపు పెట్టుకున్నది.

దాని తరువాతి గురువారం కల్వర్టు కాడ జంగయ్యకు ఏం పని లేదు. "సొంత బావనే ఊదిచ్చిండట" అన్న మాట పాణి కన్నా ముందే అన్ని ఊర్లు తిరిగొచ్చింది. బండ్లు ఇండ్లకాడనే ఉన్నయి. షేర్ ఆటోలల్ల జనం వేలాడుకుంట పోయిన్రు. అందులో ఒకదాంట్ల, ఇద్దరు ముసలమ్మల నడుమ, గోంగూర మూట ఒళ్ళె పెట్టుకొని ఓదెలు ఉన్నడు. పాణిని చూసి మొఖం అటు తిప్పుకున్నడు.

పెద్ద సారు ఫోన్ చేసి శభాష్ అన్నడు. పాణికి సంతోషం కాలే. తెల్లారి పోయి గురువుగారి మంచం పక్కన కింద కూసున్నడు. గురువుగారు ముంజలు ఒలుస్తున్నడు. ఒకటి పాణి చేతుల పెట్టిండు. పాణి తినలే.

"అక్క మాట్లాడ్తలేదు గురువుగారు. ఫోన్ చేస్తే కట్ చేస్తది. నిన్న ఇంటికి పోతే లోపలి నుంచి బయటికే రాలే. తప్పు చేసిన్నా నేను?"

గురువుగారు బొటనవేలుతోని ఇంకో ముంజ తీసిండు.

"నిన్న అంగడి అయినంక మీ బావ ఇంటికి వచ్చిండా?"

"వచ్చిండు. ఆటోల."

"అన్నం తిన్నడా?"

"తిన్నడట. పక్కింటోళ్ళు చెప్పిన్రు. తిని వాకిట్ల మంచం వేసుకొని పండుకున్నడట."

"మరింకేంది," అన్నడు గురువుగారు. "మాట్లాడ్తది తియ్యి."