గవిరి మొదటి పాము

పిల్లలూ, ఈ కథ మీరు విననే లేదు. వినాల్సిన వయసులో మీకు నేను చెప్పలేదు. అందుకని మీ అమ్మమ్మ నాకు చెప్పినట్టే, ఆవిడ మాటల్లోనే ఇప్పుడు చెబుతున్నాను. దుప్పటి కప్పుకోండి. భయమేస్తే లైటు వేసుకోండి.

అనగనగా ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో ఇంటికొక పాము ఉండేది. గాదెల్లో ధాన్యం ఎలుకల పాలు కాకుండా అవే కాపలా. పిల్లకి తొమ్మిదేళ్ళు నిండితే, తన మొదటి పామును తనే ఎంచుకోవాలి.

ఎలాగంటే, ఊరి పెద్ద పైడితాత మూతపెట్టిన బుట్టలు మూడు వరసగా పెట్టేవాడు. ఒకదాంట్లో మట్టిపాము. పొట్టిగా, లావుగా ఉండి, ఇసుకలో దూరి పడుకుంటుంది పాపం. ఇంకోదాంట్లో జెర్రిపోతు. విషం లేదు గానీ ఆరడుగులుంటుంది, చేతికి చిక్కదు. మూడోదాంట్లో రక్తపింజర. చూడ్డానికి మట్టిపాములాగే ఉంటుంది, కరిచిందంటే మాత్రం ప్రాణం మీదికే.

పిల్ల ఏం కావాలన్నా అడగొచ్చు. పాము పేరు తప్ప అన్నీ తాత నిజమే చెప్పాలి. అప్పుడు పిల్ల ఒక బుట్ట మీద చెయ్యి వేసి, మూత తనే తియ్యాలి. అది రక్తపింజర బుట్ట అయితే తాత కర్ర అడ్డం పెడతాడు. కానీ తాతకి డెబ్బై ఏళ్ళు. ఆ కర్ర వేళకి అందుతుందా అని తల్లులందరికీ గుండె దడే.

తల్లి ఉండబట్టలేక చెప్పేస్తుందని, ఆమె నోటినిండా నీళ్ళు పట్టుకుని కూర్చోవాలి. తల్లి నోరు విప్పిందా, పిల్ల ఇంకో ఏడాది ఆగాలి.

ఆ ఊళ్ళో నూకాలు అని ఒకావిడ ఉండేది. ఆవిడకి ఒక్కతే కూతురు, గవిరి. ఆ పిల్లకి తొమ్మిదేళ్ళు నిండాయి. నూకాలుకి అన్నం సయించలేదు, కంటికి కునుకు రాలేదు. ముందురోజు తాత ఇంటికి చడీచప్పుడు లేకుండా వెళ్ళి, మూతలు కొంచెం ఎత్తి చూసి, మట్టిపాము ఉన్న బుట్టకి పసుపు దారం కట్టి వచ్చింది.

"దారం ఉన్న బుట్టే ముట్టుకో. ఇంకేం అడక్కు, ఇంకేం చూడకు" అంది గవిరితో.

తెల్లారింది. పైడితాత బుట్టలు కడిగి ఎండబెట్టాడు. ఆ తర్వాత ఏ బుట్ట చేతికొస్తే ఆ బుట్టలో పాముల్ని సర్దేశాడు. ఆ సంగతి నూకాలుకి తెలీదు.

అందరూ చేరారు. నూకాలు నోట్లో నీళ్ళు పోసుకుని తాత పక్కనే కూర్చుంది. గవిరి ఒక్క మాటైనా అడక్కుండా తిన్నగా దారం ఉన్న బుట్ట దగ్గరికి నడిచింది.

అప్పుడు ఆ బుట్టలోంచి బుస వినిపించింది. కొలిమితిత్తి ఊదినట్టు, ఆగకుండా. మట్టిపాము అలా బుసకొట్టదు. గవిరి చెయ్యి చాపింది.

ఫుర్రున నీళ్ళన్నీ వెళ్ళి తాత పంచె మీద పడ్డాయి.

"ముట్టుకోకే! అడుగే తల్లీ, ముందు అడుగు!"

"ఓలమ్మ! ఇప్పుడే గదే తానం చేసొచ్చాను!" అన్నాడు తాత. కర్ర ఇంకా ఆయన చంకలోనే ఉంది.

ఇంకేముంది, గవిరికి పాము లేదు. ఏడుస్తూ ఇంటికొచ్చింది. "నువ్వు చెప్పినట్టే చేశాను కదే అమ్మా" అంది.

ఆ ఏడాదంతా నూకాలు కూతుర్ని ఇల్లిల్లూ తిప్పింది. మీ పాము ఏం తింటుంది, ఎక్కడ పడుకుంటుంది అని గవిరి అడిగేది. "మళ్ళీ వచ్చిందిరా బాబూ" అనుకుంటూనే వాళ్ళు చెప్పేవాళ్ళు.

మళ్ళీ ఆ రోజు వచ్చింది. గవిరి మొదటి బుట్ట ముందు కూర్చుంది.

"తాతా, ఇది ఎంత పొడుగు పెరుగుతుంది?"

"నీకంటే మూరెడు ఎక్కువే. దీని వెంట నేనే పరిగెత్తలేను."

రెండో బుట్ట దగ్గరికెళ్ళింది. "దీనికి కోపమొస్తే ఏం చేస్తుంది?"

"బుసకొడుతుంది. వినకపోతే కరుస్తుంది. ఆ తర్వాత ఏమవుతుందో నన్ను అడక్కు."

మూడో బుట్ట. "ఇది ఏం తింటుంది?"

"పది రోజులకో ఎలుక. భయమేస్తే ఇసుకలో తల దాచుకుంటుంది."

గవిరి మూడో బుట్ట మూత తీసింది. నూకాలు నీళ్ళు గుటుక్కున మింగేసింది. లోపల మట్టిపాము ముద్దలా చుట్టుకుని ఉంది.

ఇంటికి తెచ్చి ఇసుక తొట్టిలో వదిలారు. అది లోపలికి దూరింది. ఒక రోజు కనబడలేదు. రెండో రోజూ లేదు. మూడో రోజు నూకాలు తట్టుకోలేక చిన్న కర్రపుల్ల పట్టుకుని వచ్చింది.

"తవ్వకమ్మా, బాగానే ఉంది" అంది గవిరి.

"నీకేం తెలుసే?"

"కూర్చో. ఇసుక కేసి చూడు."

నూకాలు కూర్చుంది. పొయ్యి మీద అన్నం మాడిపోతున్నా లేవలేదు. చాలాసేపటికి ఇసుక ఒకచోట కొంచెం, కొంచెమే, కదిలింది.

పాము పోయె ఇసుకలోకి,
కథ పోయె కంచిలోకి,
మనం పోదాం మనింట్లోకి.

ఇది కథలో ఊరు, పిల్లలూ. మీరు మాత్రం ఏ పామునీ ముట్టుకోకండి, మట్టిపాములా ఉన్నా సరే. రేపు మీ పిల్లలకి ఈ కథ చెప్పండి. గవిరి అడిగిన మూడు ప్రశ్నలూ వదిలెయ్యకుండా చెప్పండి.